జొన్న పీహెచ్‌డీకి పోస్ట్‌డాక్ వెతికిన రెండేళ్లు: ఒక కేస్ స్టడీ

2023 సంక్రాంతి సెలవులు అయిపోయి వర్సిటీ తెరిచిన వారంలో ఒకమ్మాయి నా గదికి వచ్చింది. చేతిలో పన్నెండు పేజీల సీవీ. ఫోన్‌లో ఏదో వాట్సాప్ గ్రూపులో తిరిగిన "50 పోస్ట్‌డాక్ ఫెలోషిప్పులు" పీడీఎఫ్. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన. అప్పటికే 63 మంది విదేశీ ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టిందట. జవాబులు రెండే. ఒకాయన ల్యాబ్‌లో చోటు లేదన్నాడు. రెండోది సెలవులో ఉన్నానంటూ దానంతటదే వచ్చే రిప్లై.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బాటనీ చెబుతాను. రీసెర్చ్ సెల్ నాకు అదనపు బాధ్యత. జీతంలో మాత్రం అదనం ఏమీ లేదు. ఇలాంటి స్కాలర్లు ఏడాదికి పదిహేను ఇరవై మంది వస్తారు. ఈ కేసునే ఎందుకు రాస్తున్నానంటే, పోస్ట్‌డాక్ వెతుకులాటలో మనవాళ్లు చేసే పొరపాట్లు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి. నా పొరపాటు కూడా ఒకటుంది. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు రాయను, ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమెది నంద్యాల వైపు పల్లె. నాన్న నల్లరేగడిలో రబీ జొన్న వేసే రైతు. ఎమ్మెస్సీ అయ్యాక నాలుగేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత పీహెచ్‌డీలో చేరింది. అంశం జొన్నలో "స్టే-గ్రీన్" లక్షణం. రబీ జొన్న పండేది వానతో కాదు, నేలలో మిగిలిన తేమతో. గింజ పాలు పోసుకునే వేళకి ఆ తేమ అడుగంటుతుంది. అప్పుడు కొన్ని రకాల ఆకులు మాడిపోతాయి, కొన్ని పచ్చగా నిలబడతాయి. ఆ నిలబడే గుణం ఎక్కడిదన్నదే ఆమె ప్రశ్న. మన వైపు రైతులకు బాగా తెలిసిన మాల్దండి, అంటే ఎం 35-1 రకం, మీద రెండు సీజన్లు పొలాల్లోనే పని చేసింది.

వయసు 34. గదిలోకి వచ్చీ రాగానే అన్న మాట, "35 దాటితే ఇక అయిపోయినట్టే కదా సార్."

ముందు తేదీలు

ఎవరొచ్చినా నేను మొదట సీవీ చూడను. తెల్లకాగితం ఇచ్చి నాలుగు తేదీలు రాయమంటాను: థీసిస్ ఇచ్చింది, వైవా (మౌఖిక పరీక్ష) జరిగింది, ప్రొవిజనల్ (తాత్కాలిక సర్టిఫికెట్) వచ్చింది, కాన్వొకేషన్ (పట్టా ప్రదానం) అయింది. ఈమెవి ఇలా ఉన్నాయి. థీసిస్ 2021 జూలై. ఎగ్జామినర్ల రిపోర్టులు రావడానికే ఏడాది దాటి, వైవా 2022 నవంబర్. ప్రొవిజనల్ 2023 జనవరి, అంటే ఆ వారమే. కాన్వొకేషన్ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

సీవీలో మాత్రం "పీహెచ్‌డీ, 2021" అని రాసుకుంది. థీసిస్ ఇచ్చేశాను కదా, నా పని అయిపోయింది కదా అని. ఆ ఒక్క అంకెతో కాగితం మీద ఏడాదికి పైగా పోగొట్టుకుంది. విదేశీ ఫెలోషిప్పుల్లో చాలావాటికి వయసు పరిమితి ఉండదు. వాళ్లు లెక్కపెట్టేది పీహెచ్‌డీ వచ్చి ఎన్నేళ్లయిందని. జర్మనీ హంబోల్ట్ ఫౌండేషన్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి నాలుగేళ్లు. అమెరికాకు పంపే ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్‌కీ నాలుగేళ్లే. జపాన్ జేఎస్‌పీఎస్‌కి ఆరేళ్లు, పైగా అక్కడ దరఖాస్తు పెట్టేది మనం కాదు, జపాన్‌లోని హోస్టు, అంటే మనకు ల్యాబ్‌లో చోటిచ్చే ప్రొఫెసర్. ఐరోపా జీవశాస్త్ర సంస్థ ఎంబో ఫెలోషిప్‌కి రెండేళ్లే. ఐరోపా యూనియన్ వారి మేరీ క్యూరీ పోస్ట్‌డాక్‌కి 2023లో పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ల పరిశోధన అనుభవం వరకు పర్వాలేదు, పరిశోధనకు దూరంగా గడిచిన కాలాన్ని అందులోంచి తీసేసేవారు. వైవా నెగ్గితే పట్టా చేతికి రాకపోయినా అర్హులే.

35 ఏళ్ల గొడవ మన జాతీయ పోస్ట్‌డాక్‌ది, పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ, అప్పటి సెర్బ్ నడిపిన ఎన్‌పీడీఎఫ్‌ది. అందులోనూ మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. ఈమె మహిళ, ఓబీసీ కూడా. నిబంధనల కాగితం నాలుగో పేజీ దాకా చదివితే తెలిసేది. నిద్ర పట్టని రాత్రులు కొన్ని తగ్గేవి.

ఆ యాభైలో మిగిలినవి

తర్వాత ఇద్దరం కూర్చుని ఆ పీడీఎఫ్‌ని ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ పోయాం. అమెరికా ప్రభుత్వ నిధుల సంస్థలు ఎన్‌ఐహెచ్ వారి ఎఫ్32, ఎన్‌ఎస్‌ఎఫ్ వారి పోస్ట్‌డాక్‌లు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే. కొట్టేశాం. మేరీ క్యూరీలో "గ్లోబల్" అన్న పేరు చూసి మనవాళ్లు ఎగబడతారు. అది ఐరోపా వాళ్లు బయటికి వెళ్లడానికి. మనకు పనికొచ్చేది "యూరోపియన్" అన్నది. హంబోల్ట్ వారి గియోర్గ్ ఫోర్స్టర్ ఫెలోషిప్ వర్ధమాన దేశాలవారికి అని రాసి ఉంది, కింద చిన్న అక్షరాల్లో చైనా, భారత్ మినహా అని కూడా ఉంది. బర్కిలీలోని మిల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కి మనంతట మనం అప్లై చేసుకోలేం, ఎవరో నామినేట్ చేయాలి. ఇంకొన్నిటి గడువులు ఎప్పుడో పోయాయి, ఒకటి రెండు పథకాలే ఇప్పుడు లేవు. చివరికి మిగిలినవి తొమ్మిది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనవాళ్లు "పోస్ట్‌డాక్" అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు వాటిని పిలుస్తారు. ఒకటి ఉద్యోగం: ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు డబ్బుంది, పని ఆయనది, మనిషి కావాలి, ప్రకటన ఇస్తాడు. రెండోది ఫెలోషిప్: ప్రాజెక్టు మనది, డబ్బు బయటి సంస్థది, ప్రొఫెసర్ ఇచ్చేది చోటు, మాట సాయం. మొదటిదానికి ప్రకటన వెతకాలి. రెండోదానికి మనిషిని వెతకాలి, ప్రకటన ఎలాగూ ఏటా అదే నెలలో వస్తుంది. ఈమె ఆ 63 మెయిళ్లలో ఫెలోషిప్ మనసులో పెట్టుకుని ఉద్యోగం అడిగింది. చదివినవాళ్లకు ఏం అడుగుతోందో అర్థం కాలేదు. ఆ మెయిల్ నేనూ చదివాను. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై, "మీ ఎస్టీమ్డ్ ల్యాబ్‌లో అవకాశం ఇప్పించగలరు" అని ముగిసింది. మధ్యలో జొన్న అన్న మాటే లేదు.

దేశంలోని దారులు మూయలేదు. ఐఐటీలు చాలావరకు తమ సొంత ఇన్‌స్టిట్యూట్ పోస్ట్‌డాక్‌లు ఇస్తాయి, బెంగళూరు ఐఐఎస్సీకి సి.వి. రామన్ పేరుతో ఒకటుంది, జీవశాస్త్రాల వారికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) రీసెర్చ్ అసోసియేట్‌షిప్ ఉంది. ఈమె ఒక జాతీయ ఫెలోషిప్‌కి పెట్టింది, రాలేదు. చేతిలో జీతం లేకుండా ఏడాదిన్నర ఎదురుచూడమని ఏ ఇంటి ఆడపిల్లకీ చెప్పలేం. అందుకే హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరమన్నాను. ఆ ఏడాదే ఆ కొలువు మొదటి మెట్టు ఆర్‌ఏ-1 జీతం నెలకు 58,000 చేశారు, ఇంటద్దె భత్యం వేరే. ఆమెకు ఆ సలహా మొదట నచ్చలేదు. "సార్ నన్ను ఇక్కడే కూర్చోబెడుతున్నారు" అని స్నేహితురాలితో అందట, ఆ మాట నాకు చేరింది.

మనిషి ఎక్కడ దొరికాడు

థీసిస్ చివరి పేజీల్లో దొరికాడు. నిజానికి స్కాలర్లకు నేనిచ్చే మొదటి హోంవర్కు అదే: రెఫరెన్సుల జాబితా తీసి, ఏ ల్యాబ్ పేపర్లు మూడుసార్లకు మించి వచ్చాయో గీతలు పెట్టి లెక్కపెట్టమంటాను. ఈమె థీసిస్‌లో చెక్ రిపబ్లిక్‌లోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల పేపర్లు ఏడు చోట్ల ఉన్నాయి. ఆకు ముసలిదవకుండా ఆపే హార్మోన్లలో సైటోకైనిన్లు ముఖ్యం. వాటిని గ్రాములో కోట్ల వంతు మోతాదులో కూడా కొలవగలిగే ల్యాబులు ప్రపంచంలో కొన్నే, ఆ దేశంలో ఆ విద్యకు మంచి పేరుంది. ఈమె దగ్గర పొలం ఉంది, మొక్క ఉంది, ప్రశ్న ఉంది. హార్మోన్ కొలిచే పరికరం, కొలవడం వచ్చిన చెయ్యి లేవు. థీసిస్ చివరి అధ్యాయంలో తానే రాసుకుంది, సైటోకైనిన్ల లెక్క తేలితే గానీ ఈ వాదన పూర్తి కాదని. అన్నీ రాసి, ఆ ల్యాబ్‌కి తప్ప 63 మందికి మెయిల్ పెట్టింది. అడిగితే, "చెక్ రిపబ్లిక్ అంటే ఎవరికీ తెలీదు కదా సార్, జర్మనీ, అమెరికా అయితే..." అని ఆగిపోయింది.

ఈసారి ఆరుగురికే రాసింది. ఒక్కొక్క మెయిల్‌కి మూడు రోజులు. నేను పెట్టిన షరతులు తక్కువే: మొదటి రెండు వాక్యాల్లో వాళ్ల ఫలానా పేపర్‌లోని ఫలానా ఫలితం, అది తన పొలంలో ఎక్కడ నిలిచింది, ఎక్కడ తేలిపోయింది. తర్వాత తాను చేయదలచుకున్నది అయిదు వాక్యాల్లో. ఆఖర్న సూటిగా, ఈ ఏడాది సెప్టెంబర్‌లో మేరీ క్యూరీకి మీరు హోస్టుగా ఉంటారా అన్న ప్రశ్న. సీవీ రెండు పేజీలు. సెమినార్ సర్టిఫికెట్లన్నీ తీసేయించాను. ఆ తీసేయడం దగ్గర కాస్త యుద్ధం జరిగింది, ఒక్కోదానికి ఆమె కట్టిన రిజిస్ట్రేషన్ ఫీజు గుర్తున్నట్టుంది. పేపర్లు నాలుగు. వాటిలో తాను మొదటి రచయితగా ఉన్న రెండిటినే పైన పెట్టాం. పత్రిక యూజీసీ కేర్ జాబితాలో (యూజీసీ అప్పట్లో ఆమోదించిన పత్రికల పట్టిక) ఉందన్న ముక్క కొట్టేశాం, అక్కడి వాళ్లకు ఆ జాబితా అంటే ఏమిటో తెలియదు.

ఆరుగురిలో నలుగురు జవాబిచ్చారు. జర్మనీ ఆయన వచ్చే ఏడాది చూద్దామన్నాడు. చెక్ ల్యాబ్ వాళ్లు నాలుగో రోజున రాశారు, వీడియో కాల్ పెట్టుకుందామని. మార్చిలో మనకు మధ్యాహ్నం రెండున్నర, వాళ్లకు ఉదయం పది. నా గదిలోనే కూర్చుని మాట్లాడింది. మొదటి పది నిమిషాలు గొంతు వణికింది. నల్లరేగడి ఎండినప్పుడు పడే నెర్రెల గురించి ఆ ల్యాబ్ ప్రొఫెసర్ అడిగాడు, వేరు ఆ నెర్రెల్లో తెగుతుందా అని. అక్కడి నుంచి ఇంగ్లిష్ తప్పులు కూడా ఆమె పట్టించుకోలేదు. చేత్తో లోతు చూపిస్తూ అరగంట చెప్పింది. ఆయన నోట్సు రాసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

చిన్న అడ్డుకథ. అదే ఏడాది ఇంకో కుర్రాడు, చాలా తెలివైనవాడు, జర్మనీలో పదమూడు నెలల ప్రాజెక్టు ఉద్యోగం చేసి, అదే దేశంలో హోస్టును పట్టుకుని మేరీ క్యూరీ రాశాడు. గడువుకు ముందు 36 నెలల్లో హోస్టు దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదన్నది ఆ పథకం మొదటి నిబంధన. ఒక్క నెల తేడాతో ప్రతిపాదన చదవకుండానే పక్కన పెట్టారు. నా దగ్గరకు గడువు అయిపోయాక వచ్చాడు.

పది పేజీలు

మేరీ క్యూరీ ప్రతిపాదనలో అసలు భాగం పది పేజీలు. సైన్సు ఎంత గట్టిదన్నదానికి 50 శాతం, ప్రభావానికి 30, అమలుకు 20. మన స్కాలర్లు పది పేజీల్లో తొమ్మిది సైన్సుకే ఇస్తారు. ఈమె తొలి ముసాయిదా కూడా అంతే. "అమలు" కింద మూడు వాక్యాలు, అందులో ఒకటి "పని సమయానికి పూర్తి చేస్తాను" అని.

ఎక్కువ రోజులు పట్టింది ఇంకోచోట. జ్ఞానం రెండు వైపులా పారాలంటారు వాళ్లు: హోస్టు నీకేం నేర్పుతాడన్నదే కాదు, నువ్వు హోస్టుకేం తీసుకెళ్తున్నావన్నది కూడా రాయాలి. ఆ గడి దగ్గర ఆమె వారం రోజులు ఆగిపోయింది. "వాళ్లకు నేనేం నేర్పిస్తాను సార్?" ఇది వినయం కాదు, మన వర్సిటీల్లో చదివిన పిల్లలకు లోపల పేరుకుపోయిన నమ్మకం. నేను వాదించలేదు. మార్చిలో ఆ ప్రొఫెసర్ ఏమేం అడిగాడో రాసుకుని రమ్మన్నాను. పదకొండు ప్రశ్నలు తెచ్చింది, పదకొండూ పొలం గురించే. గ్రీన్‌హౌస్ కుండీలో పెరిగిన జొన్నకు, మిగిలిన తేమ మీద పెరిగే జొన్నకు తేడా ఏమిటో ఆ ల్యాబ్‌లో చూసినవాళ్లు లేరు. ఆ గడి ఒక్క పూటలో నిండింది.

2023 సెప్టెంబర్ 13, బ్రస్సెల్స్ కాలమానం సాయంత్రం 5 గంటలు, మనకు రాత్రి ఎనిమిదిన్నర: అదీ గడువు. పోర్టల్‌లో ప్రతిపాదన తెరిచి పంపేది హోస్టు సూపర్‌వైజరే. రెండు రోజుల ముందు చివరి చూపులో ఒక ప్రశ్న కంటపడింది, సమాధానం గడి ఖాళీగా ఉంది. హోస్టు సంస్థ ఐరోపా వాళ్లు "వైడెనింగ్" (పరిశోధనలో ఇంకా వెనకబడినవి) అని పిలిచే దేశాల్లో, అంటే చెక్, పోలాండ్, పోర్చుగల్, గ్రీస్ లాంటి చోట్ల ఉంటే, అదే ప్రతిపాదనను ఈఆర్‌ఏ ఫెలోషిప్స్ అనే రెండో పథకానికి కూడా పరిశీలించమని ఒప్పుకోవచ్చు. ప్రధాన జాబితాలో చోటు రాకపోతే, వచ్చిన మార్కుల వరసలో అక్కడ డబ్బు దొరకవచ్చు. అదనపు కాగితం ఒక్కటీ లేదు. ఆయనకు ఫోన్ చేసి "అవును" పెట్టించాం. "చెక్ అంటే ఎవరికీ తెలీదు" అన్న దేశం వల్లే ఆ గడి ఈమెకు తెరిచి ఉంది.

మరీ తక్కువ మార్కులొస్తే ఎలా అన్న భయం నాకూ ఉంది. అప్పటి నిబంధన ప్రకారం 70 శాతం లోపు వస్తే అదే హోస్టుతో మరుసటి ఏడాది పెట్టనిచ్చేవారు కాదు. తొందరపడి సగం ఉడికిన ప్రతిపాదన పంపవద్దని స్కాలర్లకు నేను చెప్పేది అందుకే.

ఫలితం

ఆ విడత 8,039 దరఖాస్తులు. డబ్బు దొరికినవి 1,249. 2024 ఫిబ్రవరిలో ఈమెకు వచ్చిన ఉత్తరంలో 88 పైన మార్కులున్నాయి, ప్రధాన జాబితాలో మాత్రం పేరు లేదు. 85 శాతం దాటినవాళ్లకు ఇచ్చే సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే ధ్రువపత్రం వచ్చింది. అది చూసి ఏడ్చింది. ఓదార్పు బహుమతి అనుకుంది. ఆ తర్వాత వేసవిలో ఈఆర్‌ఏ ఫెలోషిప్ కబురు వచ్చింది. నాకు మెసేజ్‌లో రాసింది ఒక్కటే మాట: "గడి."

వాళ్ల నాన్న అదే సాయంత్రం ఫోన్ చేశారు. "సారూ, నెలకు నాలుగున్నర లచ్చలంట కదా, నిజమేనా?" 5,080 యూరోల జీవన భత్యాన్ని ఎవరో రూపాయల్లోకి మార్చి చెప్పారు. అది యజమాని ఖర్చుతో కలిపిన అంకె. దాన్ని ఆ దేశపు ధరలకు తగ్గట్టు సవరిస్తారు, అందులోంచి యజమాని కట్టాల్సిన బీమాలు, ఉద్యోగి బీమా, పన్ను పోవాలి. మొబిలిటీ భత్యం 600 కూడా పన్నుకు లోబడిందే. ఇదంతా చెప్పాను. ఆయన విని, "అయితే సగం అనుకోవాల" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయాను.

వీసాకి డిగ్రీ పట్టా మీద విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే పట్టా అసలైనదేనన్న ముద్ర, కావాలన్నారు. ప్రొవిజనల్ కుదరదన్నారు. కాన్వొకేషన్ ఇంకా జరగలేదు. ఫీజు కట్టి ముందుగా పట్టా తీసుకోవడానికి, సెక్షన్ నుంచి సెక్షన్‌కి ఫైలు కదిలించడానికి ఏడు వారాలు. వైవా అయిన నెలలోనే పట్టాకి అప్లై చేయమని ఇప్పుడు ప్రతి స్కాలర్‌కీ చెబుతున్నాను, ఎక్కడికి వెళ్లే ఆలోచన లేకపోయినా సరే. 2024 నవంబర్‌లో ఆమె చేరింది.

నా పొరపాటు

ప్రతిపాదనలో మాల్దండి విత్తనం ఇక్కడి నుంచి తీసుకెళ్తానని రాసింది. నేను చదివాను, సరే అన్నాను. మూల్యాంకనంలో ఒకరు ఆ వాక్యం దగ్గరే మార్కులు తగ్గించారు: విత్తనం ఎలా చేరుతుందో చెప్పలేదని. ఆ మాట న్యాయమే. మన 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఇక్కడి జీవ వనరుల్ని పరిశోధనకు విదేశీ సంస్థకు అందించాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య అథారిటీ అనుమతి మాట చూసుకోవాలి. సంచిలో పోసుకుని విమానం ఎక్కేది కాదు. బాటనీ చెప్పే నాకు ఇది తట్టకపోవడం సిగ్గుచేటు. ఇరవై ఏళ్లుగా పక్క వర్సిటీకి కవర్లో విత్తనాలు పంపుకునే అలవాటు వల్ల కాబోలు.

దారి పటాన్‌చెరులోనే దొరికింది. జొన్న అంతర్జాతీయ మొక్కల జన్యువనరుల ఒప్పందం పరిధిలో ఉన్న పంట. అక్కడి అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకు (విత్తన నిధి) ఆ ఒప్పందం కింద, ప్రామాణిక పత్రం మీద సంతకం పెట్టించుకుని, పరిశోధకులకు నమూనాలు ఇస్తుంది. దరఖాస్తు హోస్టు ప్రొఫెసర్ పేరు మీద వెళ్లింది. క్వారంటైన్ పరీక్షలు, తెగుళ్లు లేవనే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అయి పొట్లం అక్కడికి చేరేసరికి ఆమె చేరి నాలుగు నెలలు దాటింది. ఆ నాలుగు నెలలూ వాళ్ల దగ్గరున్న వేరే జొన్న మీద పరికరం నడపడం నేర్చుకుంది.

పొలం నుంచి తెచ్చిన రకం ఒకటి మాత్రం ఆ జన్యుబ్యాంకు దారిలో వెళ్లలేదు. వాళ్ల నాన్న తాతల నాటి నుంచి కట్టుకుంటున్న విత్తనం అది. దానికి జీవవైవిధ్య అథారిటీకి వేరే దరఖాస్తు సిద్ధం చేస్తున్నాం. అందులో రైతు సంతకం కావాల్సిన చోట ఆయన పేరు నేనే రాసి, సంతకానికి ఆయనకే పంపాను. ఆయన సంతకం పెట్టే ముందు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న: "ఆడ చలికి ఇది మొలుస్తాదా సారూ?"